మార్చిలో సెయింట్ ఐవ్స్: జనం రాకముందు వెళ్తే ఏం చూడొచ్చు, ఎలా చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఈస్టర్ సెలవుల జనం రాకముందు, మార్చి మూడో వారంలో మీరిద్దరూ అమ్మగారిని తీసుకుని లండన్ నుంచి కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ వెళ్దామనుకుంటున్నారు. రెండు రాత్రులు ఉంటారు. ఆ నెలలో అన్నీ మూసి ఉంటాయేమో, చలికీ వానకీ గదిలోనే కూర్చోవాల్సి వస్తుందేమో అని టెన్షన్. పైగా అది చిత్రకారుల ఊరు కాబట్టి "బొమ్మల గురించి మాకేమీ తెలియదు, అంత దూరం వెళ్ళి ఏం చూస్తాం?" అన్నారు.

తప్పకుండా వెళ్ళండి. నేను ఆ ఊరు ఎనిమిదిసార్లు వెళ్ళాను, అందులో ఆరుసార్లు మార్చిలోనే. ఆగస్టులో వెళ్ళింది ఒక్కసారి. ఫోర్ స్ట్రీట్‌లో ఈ చివర నుంచి ఆ చివరిదాకా జనం తోసుకెళ్తుంటే నడిచాను తప్ప, ఊరు చూసినట్టే అనిపించలేదు. అదే ఊరు మార్చిలో మెల్లగా మన చేతికి వస్తుంది. ఒక్క మార్పు చేసుకోండి: రెండు రాత్రుల్ని మూడు చేయండి, అవి వారం మధ్యలో పడేలా చూసుకోండి. రావడానికి ఒక రోజు, పోవడానికి ఒక రోజు పోతే రెండు రాత్రుల్లో మిగిలేది ఒక్క పూర్తి రోజే. ఆ ఒక్క రోజూ వాన పడితే మీకు బాధగా ఉంటుంది.

ముందుగా ఏ రోజుల్లో వెళ్ళాలన్న సంగతి. ఫిబ్రవరి మధ్యలో బడుల హాఫ్ టర్మ్ సెలవులు అయిపోతాయి. ఆ తర్వాత ఈస్టర్ సెలవులు మొదలయ్యేదాకా ఉండే కొద్ది వారాలే ఆ ఊరికి నిజంగా ఊపిరి ఆడే కాలం. ఈస్టర్ ఏటా మారుతుంది, 2026లో అది ఏప్రిల్ 5. బడి సెలవులు దానికి కాస్త ముందే మొదలవుతాయి కాబట్టి మార్చి మూడో వారం మంచి ఎంపిక. జనవరి, ఫిబ్రవరిలో చాలా రెస్టారెంట్లు మూసేసి రంగులు, రిపేర్లు చేయించుకుంటాయి. మార్చి సగానికి ఒక్కొక్కటే తెరుచుకుంటాయి, అయినా వారంలో రెండు మూడు రోజులు మూసి ఉండటం మామూలే. మ్యూజియాలకు కూడా చలికాలపు వేళలు వేరుగా ఉంటాయి. మొదటిసారి నేను ఇది చూసుకోలేదు. ఆదివారం సాయంత్రం దిగాను, మంగళవారం పొద్దున్నే తిరుగు ట్రైన్. సోమవారం పొద్దున వెళ్ళేసరికి నేను చూడాలనుకున్న చోటు తలుపుకి తాళం ఉంది. అప్పటినుంచి హోటల్ బుక్ చేసేముందే ఏ రోజు ఏది తెరిచి ఉంటుందో చూస్తున్నాను. ఊరి పెద్ద ఆర్ట్ గ్యాలరీ టేట్‌లో ప్రదర్శనలు మార్చే రోజుల్లో కొన్ని గదులు మూస్తారు. అది కూడా వాళ్ళ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.

చలి మీరు అనుకున్నంత ఉండదు. పగలు పది డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది, మంచు గడ్డకట్టడం అరుదు. లండన్‌లో చెట్లింకా మోడుగా ఉన్నప్పుడే అక్కడ డాఫడిల్స్, కమేలియాలు పూసి ఉంటాయి. ఇబ్బంది పెట్టేది గాలి. గొడుగు తీసుకెళ్ళకండి, మొదటి మలుపులోనే తిరగబడుతుంది. గాలి దూరని, టోపీ ఉన్న కోటు ముగ్గురికీ ఉండాలి. వాన కూడా రోజంతా పట్టుకుని కూర్చోవడం తక్కువ. సముద్రం మీదనుంచి జల్లు ఒకటి వస్తుంది, కాసేపు దంచికొడుతుంది, వెళ్ళిపోతుంది. ఆ వెంటనే వచ్చే ఎండ కోసమే నేను మార్చిలో వెళ్తాను. తడిసిన స్లేటు కప్పులు, తడి ఇసుక, సముద్రం అన్నీ ఒక్కసారిగా మెరుస్తాయి. మూడు వైపులా నీళ్ళున్న నేల మీద కట్టిన ఊరు కాబట్టి, వెలుతురు పైనుంచే కాదు, పక్కలనుంచి కూడా పడుతున్నట్టు ఉంటుంది. చిత్రకారులు ఆ వెలుతురు కోసం ఎందుకు పడిచచ్చారో అర్థం కావడానికి ఏ పుస్తకమూ చదవక్కర్లేదు, పది నిమిషాలు అక్కడ నిలబడితే చాలు.

ట్రైన్‌లోనే వెళ్ళండి. పాడింగ్టన్ నుంచి పెన్జాన్స్ వెళ్ళే బండి ఎక్కి సెయింట్ ఎర్త్‌లో దిగాలి, సుమారు అయిదు గంటలు పడుతుంది. అక్కడ చిన్న బండి మారితే పావుగంటలోపు సెయింట్ ఐవ్స్. ఈ చిన్న బండిలో కుడివైపు కూర్చోండి. ముందు హేల్ నది ముఖద్వారం, బురద మేటల మీద పక్షులు, ఆ తర్వాత ఒక్కసారిగా సముద్రం. బయల్దేరే రోజు పొద్దున మాత్రం రైళ్ళ సమాచారం చూసుకోండి. పెద్ద లైను డెవన్‌లో డాలిష్ దగ్గర సముద్రం అంచునే పోతుంది. 2014 ఫిబ్రవరి తుఫానుకి అక్కడ పట్టాల కింద కట్టే కొట్టుకుపోయి, రెండు నెలలు బళ్ళు ఆగిపోయాయి. తర్వాత కొత్త గోడ కట్టారు గానీ, పెద్ద గాలివాన ఉన్న రోజు ఆలస్యాలు ఇప్పటికీ ఉంటాయి.

ఆ చిన్న లైనుకీ ఈ ఊరి బొమ్మలకీ సంబంధం ఉంది. అది 1877లో వచ్చింది. అప్పటిదాకా ఇది పిల్చర్డ్ చేపల ఊరు. పిల్చర్డ్ అంటే సార్డిన్ జాతి చిన్న చేప. ఆ తర్వాతి దశాబ్దాల్లో చేప తగ్గింది, తెరచాపలు కుట్టే పై అంతస్తుల గదులు ఖాళీ పడ్డాయి. అదే రైల్లో చిత్రకారులు దిగారు, అగ్గువ అద్దెకి ఆ గదులు తీసుకున్నారు. ఉత్తరం వైపు పెద్ద కిటికీ పెట్టుకుంటే ఎండ నేరుగా పడదు, రోజంతా వెలుతురు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. బొమ్మ వేసేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? పోర్త్‌మియర్ బీచ్ పక్కన ఉన్న పోర్త్‌మియర్ స్టూడియోస్ అలాంటి కట్టడమే. ఇప్పటికీ కింద జాలర్ల వలల కొట్లు, పైన చిత్రకారుల గదులు. బెన్ నికల్సన్, పాట్రిక్ హెరాన్, టెరీ ఫ్రాస్ట్ అక్కడ పనిచేశారు, ఫ్రాన్సిస్ బేకన్ కూడా కొన్నాళ్ళు అద్దెకున్నాడు. 1938లో మొదలైన సెయింట్ ఐవ్స్ స్కూల్ ఆఫ్ పెయింటింగ్ కూడా ఆ కట్టడంలోనే నడుస్తోంది. మీరున్న రోజుల్లో ఒక పూట క్లాసు దొరికితే మొహమాటపడకుండా చేరండి. ఏమీ రానివాళ్ళకీ క్లాసులుంటాయి.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు మాట. ఈ ఊర్లో మీ రోజుని మ్యూజియం వేళలతో కాదు, ఆటుపోట్లతో లెక్క కట్టుకోండి. మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో వచ్చే అమావాస్యకీ పౌర్ణమికీ ఏడాదిలోకెల్లా పెద్ద ఆటుపోట్లు వస్తాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో, ఈ తీరంలో ఆటు మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలోనూ, పోటు సాయంత్రం ఆరు ప్రాంతంలోనూ పడుతుంది. అంటే మధ్యాహ్నం హార్బర్‌లో నీళ్ళే ఉండవు. పడవలన్నీ ఇసుకలో ఒక పక్కకి ఒరిగి ఉంటాయి, వాటి తాళ్ళు పాచితో పచ్చగా ఇసుకమీద పరుచుకుని ఉంటాయి, వాటి మధ్యనుంచే మీరు నడిచి అవతలికి వెళ్ళొచ్చు. సాయంత్రానికి అదే చోట నీళ్ళు హార్బర్‌ని కాచే రాతికట్ట స్మీటన్స్ పియర్ రాళ్ళని తడుముతుంటాయి. గడియారం మార్చకముందు ఆ వారంలో సూర్యాస్తమయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది కాబట్టి పోటూ, పొద్దు గుంకడమూ దాదాపు ఒకేసారి వస్తాయి. మార్చి ఆఖరి ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, ఆ తర్వాతైతే ఈ వేళలన్నిటికీ గంట కలపండి. అమావాస్య, పౌర్ణమి దగ్గరలో లేకపోతే వేళలు వేరుగా ఉంటాయి. అందుకే సెయింట్ ఐవ్స్ ఆటుపోట్ల పట్టిక ఫోన్‌లో పెట్టుకోండి.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, అక్కడి బొమ్మలన్నీ అందులోంచే వచ్చాయి. ఇసుక మీద వంకర తిరిగిన నీటి గీత, ఒరిగిన పడవ పొట్ట, తీగలా బిగిసిన తాడు. మధ్యాహ్నం వీటి మధ్య నడిచి ఆ తర్వాత టేట్‌కి వెళ్ళినవాళ్ళకి, నైరూప్య (ఆబ్‌స్ట్రాక్ట్) చిత్రం అంటే ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు. కళ తెలియదు కాబట్టి బోర్ కొడుతుందన్న మీ భయానికి నా జవాబు ఇదే: ముందు బయట చూడండి, తర్వాత లోపలికి వెళ్ళండి.

టేట్ సెయింట్ ఐవ్స్ 1993లో తెరిచారు. పాత గ్యాసు ఫ్యాక్టరీ స్థలంలో, పోర్త్‌మియర్ బీచ్‌కి ఎదురుగా కట్టారు. 2017లో వెనక కొండని తొలిచి దాన్ని ఇంకా పెంచారు. లోపలికి వెళ్ళగానే పాట్రిక్ హెరాన్ చేసిన పెద్ద రంగు అద్దం ఉంటుంది. ఎండ వచ్చే క్షణం కోసం అక్కడ ఆగండి, నేల మీద రంగులు పరుచుకుంటాయి. లిఫ్ట్ ఉంది కాబట్టి అమ్మగారికి ఇబ్బంది లేదు.

కానీ ఒక్కచోటికే టైమ్ ఉందంటే నేను టేట్ వదిలేసి శిల్పి బార్బరా హెప్‌వర్త్ తోటకి పంపిస్తాను. 1939లో యుద్ధం ముంచుకొస్తుంటే ఆమె భర్త బెన్ నికల్సన్‌తో, నాలుగేళ్ళు నిండిన ముగ్గురు కవలలతో లండన్ వదిలి పక్కనే ఉన్న కార్బిస్ బేకి వచ్చింది. 1949లో ఊరి మధ్యలో ట్రూయిన్ స్టూడియో కొనుక్కుంది. 1975లో అక్కడే అగ్నిప్రమాదంలో చనిపోయేదాకా తన పని చాలావరకు ఆ గోడల మధ్యే చేసింది. మరుసటి ఏడే దాన్ని మ్యూజియం చేశారు. తోటలో శిల్పాలు చాలావరకు ఆమె నిలబెట్టిన చోటే ఉన్నాయి.

వేసవిలో ఆ చిన్న తోటలో ఒకరి వెనక ఒకరు నడవాలి. మార్చిలో ఒకసారి నలభై నిమిషాలు నేనొక్కడినే ఉన్నాను. జల్లు అప్పుడే ఆగింది. పచ్చబారిన ఒక కంచు శిల్పం మీద ఉన్న గుంటలో అరచేతి లోతు నీళ్ళు నిలిచాయి. గాలి వీచినప్పుడల్లా ఆ నీటి మీద చిన్న ముడత పడి, లోపలి గోడమీద వెలుతురు గీతలు పాకేవి. ఆ గుంట ఎందుకు అలా చేసిందో నాకు అప్పుడు తెలిసింది. 'ఫోర్-స్క్వేర్ (వాక్ త్రూ)' అని 1966 నాటి పెద్ద కంచు శిల్పం ఉంది, ఒక్కో పలకకి ఒక్కో గుండ్రటి రంధ్రం. అటూ ఇటూ కాస్త జరుగుతూ తోటంతా ఆ రంధ్రాల్లోంచి చూడండి, కొమ్మల పైన చర్చి గోపురం కనిపించే చోటు కూడా వెతకండి. కొన్ని శిల్పాలకి తీగలు బిగించి ఉంటాయి. తనకీ, సముద్రానికీ, గాలికీ, కొండలకీ మధ్య తాను అనుభవించిన బిగువే ఆ తీగలు అని ఆమే రాసుకుంది. మార్చి గాలిలో నిలబడి చదివితే అది గొప్ప కోసం అన్న మాటలా అనిపించదు.

తోట చివర ఆమె పనిగదులున్నాయి, అద్దంలోంచి చూడాలి. ఉలులు, సుత్తులు, కొక్కేలకి వేలాడుతున్న పనిబట్టలు, సగం చెక్కిన రాళ్ళు. హడావుడిగా వచ్చినవాళ్ళు అక్కడ ఆగరు. మీరు ఆగండి.

అమ్మగారి మోకాళ్ళ మాట: హెప్‌వర్త్ మ్యూజియం ఉన్న బార్నూన్ హిల్ నిటారుగా ఉంటుంది, లోపల మెట్లున్నాయి, తోట దారి తడిస్తే జారుతుంది. మెల్లగా వెళ్తే ఫర్వాలేదు గానీ, ఆ రోజు ఇంకో ఎక్కుడు పెట్టుకోకండి. హార్బర్ చుట్టూ ఉన్న రోడ్డు చదునుగా ఉంటుంది, ఆవిడకి అది బాగుంటుంది. బస కూడా స్టేషన్ వైపో, హార్బర్ దగ్గరో చూసుకోండి. పాత పేటని డౌన్‌అలాంగ్ అంటారు. ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది గానీ, రాళ్ళు పరిచిన ఆ సందుల్లో సూట్‌కేసు లాగడం కష్టం.

టేట్ వెనక కొండవాలు మీద బార్నూన్ శ్మశానం ఉంది. సముద్రం వైపు చూస్తున్న ఆ సమాధుల్లో ఆల్ఫ్రెడ్ వాలిస్‌ది వెతకండి. జాలరి, ఆ తర్వాత పాత ఓడ సామాన్ల వ్యాపారి. భార్య చనిపోయాక, దాదాపు డెబ్బై ఏళ్ళ వయసులో, తోడు కోసం బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. దుకాణాల్లో దొరికిన అట్టముక్కల మీద, పడవలకి వేసే రంగుతో. అట్ట ఏ ఆకారంలో ఉంటే బొమ్మ ఆ ఆకారంలోనే. తనకి ముఖ్యమైన పడవ పెద్దది, కానిది చిన్నది, దూరం దగ్గర అన్న లెక్కే లేదు. 1928లో బెన్ నికల్సన్, క్రిస్టొఫర్ వుడ్ అతని ఇంటి ముందునుంచి పోతూ తెరిచిన తలుపులోంచి ఆ బొమ్మలు చూశారు. ఆ ఇద్దరి బొమ్మలూ ఆ తర్వాత మారిపోయాయి. వాలిస్ మాత్రం 1942లో పేదల ఆశ్రమంలో చనిపోయాడు. సమాధి మీద పలకలు కుమ్మరి బెర్నార్డ్ లీచ్ చేశాడు: పెద్ద లైట్‌హౌస్, దాని తలుపు దగ్గర ఒక చిన్న మనిషి లోపలికి వెళ్తున్నాడు. 'చిత్రకారుడు, నావికుడు' అని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. అక్కడ నిలబడి కిందికి చూస్తే పోర్త్‌మియర్ అలలు. ఆకాశం తేటగా ఉన్న రోజు ఊరి అవతలి వైపు, హార్బర్ దగ్గర నిలబడితే అఖాతానికి అటుపక్క గాడ్రెవీ లైట్‌హౌస్ తెల్లగా కనిపిస్తుంది. నవలా రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ చిన్నప్పటి వేసవులు ఈ ఊర్లోనే, దాన్ని చూస్తూనే గడిచాయి.

లీచ్ కుండల పనిశాల ఊరి పైభాగాన, స్టెనాక్ ఎక్కుడు మీద ఉంది. నడవకండి, బస్సో టాక్సీయో తీసుకోండి. లీచ్, జపాన్ నుంచి అతనితో వచ్చిన షోజి హమాదా 1920లో పెట్టారు. కుండలు కాల్చే పాత మెట్ల కొలిమి లోపల ఉంది. ఇప్పటికీ అక్కడ కప్పులు, గిన్నెలు చేస్తారు. ఊరి నుంచి ఏదైనా కొనాలనుకుంటే అక్కడ ఒక కప్పు కొనండి, అది రోజూ చేతిలో ఉంటుంది.

చిన్న గ్యాలరీలు కొన్ని మూసి ఉంటాయి, తెరిచి ఉన్నవాటిలో మనిషికి మాట్లాడే తీరిక ఉంటుంది. జులైలో అడగలేని ప్రశ్నలు మార్చిలో అడగొచ్చు. "ఈ నీలం ఎక్కడ చూశారు?" అని అడిగితే ఒకావిడ నన్ను తలుపు దాకా తీసుకొచ్చి, పియర్ చివర నీడ చూపించింది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. సాయంత్రం డౌన్‌అలాంగ్ సందుల్లో నడిస్తే చాలా ఇళ్ళల్లో దీపాలుండవు. ఆ నిశ్శబ్దం మనకి హాయిగా ఉన్నా, దాని వెనక కారణం మంచిది కాదు. అవి సెలవులకి అద్దెకిచ్చే ఇళ్ళు, లేదా దూరం ఊళ్ళవాళ్ళ రెండో ఇళ్ళు. 2016లో ఊరివాళ్ళు ఓటింగ్ పెట్టుకుని, కొత్తగా కట్టే ఇళ్ళు అక్కడే కాపురముండేవాళ్ళకే అన్న నిబంధనని 80 శాతానికి పైగా ఓట్లతో గెలిపించుకున్నారు. అందుకే నేను హోటల్లోనో, యజమాని ఉంటూ నడిపే గెస్ట్‌హౌస్‌లోనో దిగుతాను. మీకూ అదే చెప్తాను.

తిండికి ఇబ్బంది ఉండదు. శాకాహారులైతే చీజ్-ఉల్లిపాయ పేస్టీ (పిండి రేకులో కూరి కాల్చినది) చాలా బేకరీల్లో దొరుకుతుంది. బయట తినేటప్పుడు గోడకి వీపు ఆనించి నిలబడండి, సీగల్స్ వెనకనుంచి వచ్చి చేతిలోది ఎత్తుకుపోతాయి. రాత్రి భోజనానికి మాత్రం ముందే ఫోన్ చేసి టేబుల్ చెప్పుకోండి, తెరిచి ఉన్నవి తక్కువ కాబట్టి అవే నిండిపోతాయి.

సముద్రంతో జాగ్రత్త. మార్చిలో నీళ్ళు తొమ్మిది, పది డిగ్రీలే, ఏడాదిలో అత్యంత చల్లగా ఉండేది అప్పుడే. చాలా బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఇంకా వచ్చి ఉండరు. గాలివాన రోజు పియర్ చివరికి వెళ్ళొద్దు. 1939 జనవరి 23న ఒక ఓడని కాపాడటానికి ఈ ఊరి లైఫ్‌బోట్‌లో వెళ్ళిన ఎనిమిది మందిలో ఏడుగురు తిరిగి రాలేదు. పుట్టినప్పటినుంచి సముద్రం తెలిసిన మనుషులు వాళ్ళు.

వాన లేని పూట ఒకటి దొరికితే కార్బిస్ బే దాకా తీరం దారిలో నడవండి, సుమారు మైలున్నర, అక్కడ ట్రైన్ ఎక్కితే కొద్ది నిమిషాల్లో వెనక్కి వచ్చేయొచ్చు. అమ్మగారు నడవలేకపోతే ఆవిడా, ఒకరూ ట్రైన్‌లో వెళ్ళి అక్కడ కలుసుకోవచ్చు. జెనర్ అనే పల్లె వైపు దారి ఇంకా అందంగా ఉంటుంది కానీ ఆరు మైళ్ళకి పైనే, రాళ్ళూ బురదా, మార్చిలో నాలుగు గంటలు పట్టొచ్చు. అది ఈసారికి వద్దు.

తిరుగు ప్రయాణంలో ఆ చిన్న బండిలో ఎడమవైపు కూర్చోండి. మీ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ రాస్తే, ఆ రోజుల ఆటుపోట్ల వేళలు చూసి ఏ పూట ఏది పెట్టుకోవాలో చెప్తాను.